పాత డెన్సిటోమీటర్‌కు రెఫరెన్స్ ప్లేట్ లేదు, కాలిబ్రేషన్ చేయడం ఎలా?

సింహపురి సిల్వర్, నెల్లూరు

అందరికీ నమస్కారం. మా ఊళ్ళో మూతపడిన ఒక కలర్ ల్యాబ్ సామాను అమ్ముతుంటే ఎక్స్‌-రైట్ 810 డెన్సిటోమీటర్ తీసుకున్నాను, ఫిల్మ్ గానీ ప్రింట్ గానీ ఎంత నల్లబడిందో కొలిచే యంత్రం ఇది. ఆన్ అవుతోంది, దీపం వెలుగుతోంది, ఫిల్మ్ పెట్టి తల నొక్కితే అంకెలు చూపిస్తోంది. కానీ దాంతో పాటు ఉండాల్సిన రెండు వస్తువులు లేవు. ఒకటి ట్రాన్స్‌మిషన్‌కు, అంటే ఫిల్మ్ దాటి వచ్చే వెలుగు కొలవడానికి, వాడే స్టెప్ వెడ్జ్ (మెట్లు మెట్లుగా నలుపు పెరిగే ఫిల్మ్ పట్టీ). రెండోది రిఫ్లెక్షన్‌కు, అంటే ప్రింట్ మీద నుంచి తిరిగి వచ్చే వెలుగు కొలవడానికి, వాడే తెలుపు నలుపు ప్లేట్. అమ్మినాయన్ను అడిగితే అవి ఎక్కడున్నాయో తెలీదన్నాడు.

ఈ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఆన్‌లైన్‌లో విడిగా ప్లేట్ ఒకటి కనిపించింది, దాని ధర నేను మెషీన్‌కు పెట్టిన డబ్బు కన్నా ఎక్కువ. అది ఏ మెషీన్‌తో వచ్చిందో, ఎన్నేళ్ళ నాటిదో ఏమీ రాయలేదు.

నేను బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ ఇంట్లోనే కడుగుతాను. మే నెలలో మా కుళాయి నీళ్ళే 30 డిగ్రీలు దాటతాయి. డబ్బా మీద 20 డిగ్రీలకు రాసిన టైములు నాకు పనికిరావు. నా నీళ్ళకు, నా డెవలపర్‌కు సరిపోయే టైములు నేనే కొలిచి తేల్చుకోవాలి. ప్రింట్లలో నలుపు ఎంత లోతుగా వస్తోందో చూడటం రెండో అవసరం. ఆ ప్లేట్ కొనకుండా దారి ఏదైనా ఉందా?

ఒంగోలు మినీల్యాబ్

తమ్ముడూ, మంచి మెషీన్ దొరికింది నీకు. మా ల్యాబ్‌లో దాని మీదే కంట్రోల్ స్ట్రిప్పులు (కెమికల్ సరిగ్గా ఉందో చూసే ముక్కలు) చదివేవాళ్ళం. నెగెటివ్ స్ట్రిప్ అయితే స్టేటస్ ఎం, పేపర్ స్ట్రిప్ అయితే స్టేటస్ ఎ, ఇవి రంగులు చదివే సెట్టింగుల పేర్లు. రోజూ పొద్దున్నే కెమికల్ వేడెక్కాక మొదటి పని అదే.

ప్లేట్ తొందరపడి కొనొద్దు. దాని విలువంతా దాని మీద రాసున్న అంకెల్లో ఉంటుంది. ఫ్యాక్టరీలో ప్రతి ప్లేట్‌నూ విడిగా కొలిచి, ఆ ప్లేట్ అంకెలు దాని మీదే రాసి పంపేవాళ్ళు. లేబుల్ చెరిగిపోతే మిగిలేది ఒక తెల్ల ముక్క, ఒక నల్ల ముక్క. లేబుల్ ఉన్నా, ల్యాబుల్లో వేలిముద్రలూ కెమికల్ చుక్కలూ పడి ఆ తెలుపు ఇప్పుడు ఆ తెలుపుగా ఉండదు. మాదైతే పసుపు తిరిగింది.

ముందు అడాప్టర్ మీద వోల్టేజీ చూడు. బయటి దేశం నుంచి వచ్చిన పాత మెషీన్లలో కొన్ని 115 వోల్టులవి ఉంటాయి, మన 230కి పెడితే అక్కడికక్కడే పోతాయి. కింద వెలుగొచ్చే చిల్లునీ, పైన తల లోపలి గాజునీ బ్లోయర్‌తో ఊది మెత్తటి గుడ్డతో తుడువు. ఆన్ చేసి కాసేపు వదిలెయ్. దీపం కుదుటపడకముందు చదివిన అంకె మీద ఏ నిర్ణయమూ తీసుకోకు. మాన్యువల్ నెట్‌లో దొరుకుతుంది, కాలిబ్రేషన్ మోడ్‌లో అంకెలు ఎక్కించే పద్ధతి అందులో ఉంటుంది.

ఫిజిక్స్ మాస్టారు, కావలి

ఫిల్మ్ సంగతి వరకు మీ సమస్య మీరు అనుకున్నంత పెద్దది కాదు. డెన్సిటీ అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకుంటే సగం భయం పోతుంది.

ఫిల్మ్ మీద పడ్డ వెలుగును, దాన్ని దాటి వచ్చిన వెలుగుతో భాగించి, ఆ వచ్చిన దానికి 10 ఆధారంగా లాగరిథమ్ తీస్తే అది డెన్సిటీ. సగం వెలుగు దాటితే 0.30. పదో వంతు దాటితే 1.00. వెయ్యో వంతు దాటితే 3.00. అంటే ఇది నిష్పత్తి. కిలోగ్రాము తూకానికి రాయి కావాలి, నిష్పత్తికి అలాంటి రాయి అక్కర్లేదు. మధ్యలో ఏమీ పెట్టకుండా చదివితే అది 0.00 అవ్వాలి. ట్రాన్స్‌మిషన్‌లో సున్నాకు గాలే రెఫరెన్స్, దానికి సర్టిఫికెట్ అవసరం లేదు.

ఇక మిగిలింది వాలు, మాన్యువల్‌లో స్లోప్ అంటారు. అసలు 3.00 ఉన్నచోట మెషీన్ 3.06 చూపిస్తే వాలు రెండు శాతం తప్పు. ఆ తప్పు డెన్సిటీతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. 3.00 దగ్గర 0.06, 1.00 దగ్గర 0.02, 0.10 దగ్గర 0.002. మీ మెషీన్ చూపించే ఆఖరి అంకె 0.01. అంటే 0.10 దగ్గర ఆ తప్పు తెర మీదికే రాదు.

ఇప్పుడు మీరు కొలవబోయేది చూడండి. బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్ ఫిల్మ్ స్పీడ్‌ను ఐఎస్‌ఓ 6 ప్రకారం తేల్చేది బేస్, ఫాగ్ కలిసిన డెన్సిటీకి (వెలుగు తగలని ఫిల్మ్‌కు కడిగాక ఉండేది) పైన 0.10 దగ్గర. అక్కడి నుంచి ఎక్స్‌పోజర్ లాగ్ స్కేలులో 1.30 పెరిగితే డెన్సిటీ 0.80 పెరగాలి, అదే ప్రమాణమైన డెవలప్‌మెంట్. అంటే మీ పనంతా తక్కువ డెన్సిటీల్లో ఉంది. అక్కడ సున్నా నిలకడగా ఉండాలి, వాలు కొంచెం అటూ ఇటూ అయినా మీ ఫిల్మ్ టైము మారదు.

మీ దగ్గర ఇప్పటికే కడిగిన ఫిల్మ్ ముక్కలు రెండు తీసుకోండి, ఒకదాని డెన్సిటీ సుమారు 0.6, ఇంకోదానిది 0.9 ఉండేలా. విడివిడిగా చదవండి, తర్వాత ఒకదాని మీద ఒకటి పెట్టి చదవండి. రెండూ కలిపితే వచ్చే మొత్తానికి దగ్గరగా రావాలి. వస్తే మెషీన్ ఆ పరిధిలో వంకర లేకుండా చదువుతోందని అర్థం. ఉపరితలాల మధ్య వెలుగు అటూ ఇటూ కొట్టుకోవడం వల్ల ఒకటి రెండు వందో వంతుల తేడా సహజం. అయితే ఈ పరీక్ష వంకరను పట్టిస్తుంది కానీ వాలును పట్టించదు. వాలు మూడు శాతం ఎక్కువైతే రెండు ముక్కలూ, వాటి మొత్తమూ ఒకేలా మూడు శాతం పెరుగుతాయి, కూడిక మాత్రం సరిపోతూనే ఉంటుంది. అందుకని బయటి నుంచి నమ్మదగిన అంకె ఒక్కటైనా కావాలి. ఎక్కువ డెన్సిటీ ఉన్న ఒక మెట్టు, దాన్ని ఎవరో సరిగ్గా కొలిచిన విలువ. అంతే.

సింహపురి సిల్వర్, నెల్లూరు

మాస్టారూ, చాలా థాంక్స్. కూడిక పరీక్ష చేశాను. ఒక ముక్క 0.62, రెండోది 0.93, రెండూ కలిపి 1.56. అంటే వంకర లేనట్టే కదా?

ఆ ఒక్క అంకె ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీకి పంపాలా?

ఫిజిక్స్ మాస్టారు, కావలి

వంకర లేదు, బాగుంది.

ఎన్‌పీఎల్ దేశానికంతటికీ కొలతల మూలం. దాని కింద ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న కాలిబ్రేషన్ ల్యాబులు హైదరాబాదులోనూ చెన్నైలోనూ ఉన్నాయి. మీ అవసరానికి అంత దూరం పోనక్కర్లేదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో స్టౌఫర్ అనే సంస్థ ఇప్పటికీ స్టెప్ వెడ్జులు చేస్తోంది. టీ2115 అనే దాంట్లో 21 మెట్లు, మెట్టుకు 0.15 చొప్పున, సుమారు 0.05 నుంచి 3.05 దాకా ఉంటాయి. పేరు చివర సి అక్షరం ఉంటే ప్రతి మెట్టునూ కొలిచి, ఆ విలువల కాగితంతో ఇస్తారు. సి లేనిదైతే ధర బాగా తక్కువ, పైన చెప్పినవి సుమారు విలువలు మాత్రమే. కొడాక్ వాళ్ళ పాత స్టెప్ ట్యాబ్లెట్లు ఎవరి దగ్గరైనా ఉన్నా, వాటితో వచ్చిన కాగితం లేకపోతే సి లేని స్టౌఫర్‌తో సమానమే.

కృష్ణపట్నం వెల్డ్ ఫిల్మ్

అన్నా, నేను ముత్తుకూరు దగ్గర వెల్డింగ్ రేడియోగ్రఫీ పనిలో ఉన్నా. థర్మల్ ప్లాంట్లలో, పోర్టు పనుల్లో పైపు జాయింట్లకు ఇరిడియం 192 పెట్టి ఫిల్మ్ తీస్తాం. మా పనిలో డెన్సిటోమీటర్ లేకుండా ఒక్క ఫిల్మ్ కూడా పాస్ కాదు. ఫిల్మ్ డెన్సిటీ సాధారణంగా 2.0 నుంచి 4.0 మధ్య ఉండాలి, లేకపోతే మళ్ళీ తీయాల్సిందే.

మీరు అడిగిన ఆ అంకె మా దగ్గర ఉంటది. మేం పాటించే ఏఎస్‌ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) కోడ్ ప్రకారం డెన్సిటోమీటర్‌ను వాడుకలో ఉన్నంత కాలం 90 రోజులకు ఒకసారన్నా కాలిబ్రేట్ చేయాల. దానికి వాడే వెడ్జ్‌లో కనీసం ఐదు మెట్లు, 1.0 నుంచి 4.0 దాకా ఉండాల. ఆ వెడ్జ్ జాతీయ ప్రమాణానికి గొలుసుకట్టుగా ముడిపడి ఉండాల. మా మీటర్ చదివింది వెడ్జ్ కాగితం మీది అంకెకు 0.05 లోపల ఉంటేనే ఆ మీటర్ వాడతాం. రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాల.

వెడ్జ్ కంపెనీ సొత్తు, బయటికి ఇవ్వలేను. అయితే నీ ఫిల్మ్ ఇక్కడికి తెస్తే మా మీటర్‌ను వెడ్జ్‌తో సరిచూసిన రోజే దాన్నీ చదివి రాసి ఇవ్వగలను. మా సూపర్‌వైజర్‌ను అడిగా, పని లేని టైములో అయితే ఏం పర్లేదన్నాడు.

పొగతోట ఎక్స్‌రే, నెల్లూరు

కృష్ణపట్నం అన్న చెప్పింది మంచి దారి. ఒక జాగ్రత్త చెబుతాను, ఎక్స్‌రే ఫిల్ముతో చాలా ఏళ్ళు పనిచేశాను కాబట్టి.

ఎక్స్‌రే ఫిల్మ్ బేస్‌కు నీలం రంగు కలుపుతారు. చాలా వెడ్జులు కూడా అలాంటి ఫిల్మ్ మీదే చేసి ఉంటాయి. 810 మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, విజువల్ అని వేర్వేరు రీడింగులు వస్తాయి. నీలం బేస్ ఉన్న వెడ్జ్‌తో మూడు రంగులకూ ఒకే అంకె ఎక్కించేస్తే ఎరుపు రీడింగ్ ఒకలా, నీలం రీడింగ్ ఇంకోలా పక్కకు జరుగుతాయి. అలాంటి వెడ్జ్ అయితే విజువల్ ఒక్కటే సరిచూసుకో బాబూ. రంగు లేని బేస్ మీద వెండితో ఉన్న వెడ్జ్ అయితే నాలుగింటికీ పనికొస్తుంది.

ఇంకొకటి. మా వైపు ఆసుపత్రుల్లో ఫిల్మ్ పోయి డిజిటల్ వచ్చేసింది. మామోగ్రఫీ నాణ్యత చూడటానికి రోజూ వాడిన సెన్సిటోమీటర్లు (ఫిల్మ్ మీద మెట్లు మెట్లుగా వెలుగు వేసేవి), డెన్సిటోమీటర్లు ఇప్పుడు బీరువాల్లో ఉన్నాయి. పాత రిజిస్టర్లతో సహా పారేస్తున్నారు. ఎవరైనా కొంటే వెడ్జ్‌తో పాటు ఆ విలువల కాగితం కూడా తప్పకుండా అడిగి తీసుకోండి. ఆ కాగితం చిత్తు కింద పోతే మిగిలిన వెడ్జ్‌ను ఎవరూ నమ్మరు.

ఒంగోలు మినీల్యాబ్

మేడమ్ చెప్పిన దానికి నాదొక మాట. నలుపు తెలుపు వెడ్జ్‌తో మెషీన్ సరిగ్గా వచ్చినంత మాత్రాన రంగుల రీడింగ్ కూడా సరైందని అనుకోవద్దు. లోపలి రంగు ఫిల్టర్లు ఏళ్ళ తరబడి వెలిసిపోయి ఉంటే, న్యూట్రల్ మెట్టు మీద ఆ తేడా కాలిబ్రేషన్‌లో కలిసిపోతుంది. బూడిద రంగు ఏ ఫిల్టర్ నుంచి చూసినా దాదాపు ఒకటే కదా. తేడా బయటపడేది రంగు డై మీద. సి-41, అంటే మామూలు కలర్ నెగెటివ్ చదివే పని ఉన్నవాళ్ళకు అది పెద్ద విషయం. దానికి కంట్రోల్ స్ట్రిప్పుల డబ్బాలోని రెఫరెన్స్ స్ట్రిప్ వాడేవాళ్ళం. ఫ్రీజర్‌లో దాచినవి కాక బయట పడున్నవైతే డైలు మారిపోతాయి, వాటిని నమ్మలేం. తమ్ముడిది వెండి ఫిల్మ్ కాబట్టి ఈ గొడవ లేదు, విజువల్ ఛానెల్ చాలు.

చీమకుర్తి గెలాక్సీ

నమస్తే. మాది గ్రానైట్ పాలిషింగ్. రిఫ్లెక్షన్ ప్లేట్ గురించి చదివి అడుగుతున్నాను. మా గ్లాస్‌మీటర్‌తో ఒక నల్ల గాజు టైల్ వచ్చింది, సర్టిఫికెట్ కూడా ఉంది. రాయి మెరుపు కొలిచే ముందు మీటర్‌ను దాని మీద పెట్టి సరిచేస్తాం. ఆ టైల్ 810కి నలుపు ప్లేట్‌గా పనిచేస్తుందా? చేస్తే పంపిస్తాను.

ఫిజిక్స్ మాస్టారు, కావలి

మీరు అడిగినందుకు సంతోషం, ఇది చాలామందికి వచ్చే సందేహమే.

గ్లాస్‌మీటర్ కొలిచేది అద్దంలా తిరిగి వచ్చే వెలుగు. 60 డిగ్రీల కోణంలో వెలుగు వేసి, అవతలి వైపు అదే కోణంలో అందుకుంటుంది. ఆ నల్ల గాజు వక్రీభవన గుణకం 1.567 అయితే దాని మెరుపును 100 యూనిట్లుగా తీసుకుంటారు. మీ సర్టిఫికెట్‌లో ఉన్నది ఆ లెక్క.

రిఫ్లెక్షన్ డెన్సిటోమీటర్‌లో వెలుగు వచ్చేదీ అందుకునేదీ ఒకటి 45 డిగ్రీల్లో, ఒకటి నిలువుగా ఉంటాయి. అద్దం మెరుపు దానిలోకి రాకూడదనే అలా పెట్టారు. అందుకని మీ గాజు టైల్ మీద పెడితే దాదాపు ఏ వెలుగూ తిరిగి రాదు, డెన్సిటీ చాలా ఎక్కువ చూపిస్తుంది. మెరుపు 100 యూనిట్లన్న అంకెకూ దానికీ సంబంధం లేదు. కాబట్టి రెఫరెన్స్‌గా పనికిరాదు. కానీ వేరే పనికి బాగా పనికొస్తుంది. గదిలోని వెలుగు సందుల్లోంచి మెషీన్ తలలోకి చొరబడుతోందేమో చూడాలంటే, శుభ్రమైన ఆ టైల్ మీద ఒకసారి గదిలో లైట్లు వేసి, ఒకసారి ఆపి చదవండి. అంకె మారితే బయటి వెలుగు లోపలికి వస్తోందని అర్థం.

చీమకుర్తి గెలాక్సీ

అర్థమైంది మాస్టారూ. సిల్వర్ గారూ, మా దగ్గర వాడుకలో లేని పాత టైల్ ఒకటి అంచు చెక్కిపోయి ఉంది. ఆ పరీక్షకు చాలనుకుంటే ఒంగోలు బస్సులో వేయిస్తాను, మినీల్యాబ్ అన్న తీసుకుంటారు.

ఒంగోలు మినీల్యాబ్

వేయించండి, నేను తీసుకుంటాను.

రిఫ్లెక్షన్‌కు సులువైన దారి చెబుతాను. కలర్‌చెకర్ చార్ట్ ఉంది కదా, 24 గళ్ళది. 1976లో మ్యాక్‌బెత్ వాళ్ళు తెచ్చారు, ఇప్పుడు కాలిబ్రైట్ పేరుతో అమ్ముతున్నారు. వీడియో వాళ్ళ దగ్గరా పెళ్ళి ఫొటోగ్రాఫర్ల దగ్గరా చాలామంది దగ్గర ఉంటుంది. దాని కింది వరుస ఆరు బూడిద గళ్ళ డెన్సిటీలు తెలుపు నుంచి నలుపు దాకా 0.05, 0.23, 0.44, 0.70, 1.05, 1.50. ఇవి తయారీదారు ఇచ్చిన విలువలే. తెల్ల గడీ 0.05, నల్ల గడీ 1.50 పెట్టి మొదలుపెట్టు, మధ్య నాలుగూ వాటంతట అవి దగ్గరగా వస్తున్నాయో లేదో చూడు. అవి వస్తే మెషీన్ బాగున్నట్టే. 18 శాతం గ్రే కార్డు ఉంటే దాని మీద 0.74 దగ్గర రావాలి, వెనక తెల్ల వైపు 90 శాతం అయితే 0.05 దగ్గర.

ఎండలో పెట్టి రంగు పోయిన చార్ట్ వద్దు. గడీ మీద వేలు పెట్టకూడదు.

సింహపురి సిల్వర్, నెల్లూరు

అన్నా, కలర్‌చెకర్ ఫ్రెండ్ దగ్గర కొత్తదే ఉంది. అయితే అవి ప్రతి చార్ట్‌కూ విడిగా కొలిచిన అంకెలు కావు కదా. నా ప్రింట్లలో నలుపు 2.0 పైన ఉంటుంది, చార్ట్ నలుపు 1.50 దగ్గర ఆగిపోతుంది. పైకి ఎలా నమ్మాలి?

ఒంగోలు మినీల్యాబ్

మంచి ప్రశ్న. ఆఫ్‌సెట్ ప్రెస్‌లలో ఇప్పుడు స్పెక్ట్రోడెన్సిటోమీటర్లు ఉన్నాయి, పెద్ద ప్రెస్ అయితే దానికి సర్టిఫికెట్ కూడా తాజాగా చేయించి పెట్టుకుంటారు. నీ చార్ట్‌నూ, నీ ప్రింట్ల నుంచి గాఢమైన నలుపు ఉన్న రెండు ముక్కల్నీ తీసుకుపోయి అక్కడ చదివించుకో. మూడు విషయాలు గట్టిగా చెప్పు. కాగితం తెలుపును సున్నా చేయకుండా చదవాలి, ప్రెస్ వాళ్ళు అలవాటుగా పేపర్ తీసేసి చదువుతారు. పోలరైజేషన్ ఫిల్టర్ ఉన్న మోడ్ వద్దు, ఆ మోడ్‌లో నలుపు ఎక్కువ చూపిస్తుంది. స్టేటస్ టి పెట్టారా ఇ పెట్టారా రాసుకో. బూడిద రంగుకు వాటి మధ్య తేడా చిన్నదే కానీ రాసి ఉంటే తర్వాత తికమక ఉండదు.

ఆ ప్రింట్ ముక్కలే ఇక నీ నలుపు ప్లేట్. కవర్‌లో పెట్టి, మీద అంకె, తేదీ, చదివిన మెషీన్ పేరు రాసి పెట్టు.

కందుకూరు కెమెరా

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. డెన్సిటోమీటర్ కాదు కానీ నాదీ ఇలాంటి ఇబ్బందే. మా నాన్న స్టూడియోలో వాడిన గోసెన్ లూనాసిక్స్ 3 లైట్ మీటర్ ఉంది. బటన్ సెల్ వేస్తే ముల్లు కదులుతోంది. కొత్త కెమెరాతో పోలిస్తే స్టాప్ పైగా తేడా వస్తోంది. దీనికి రెఫరెన్స్ ఏమిటి?

ఫిజిక్స్ మాస్టారు, కావలి

ముందు బ్యాటరీ. ఆ మీటర్‌ను పీఎక్స్ 625 అనే పాదరసం సెల్ కోసం చేశారు. దాని వోల్టేజీ 1.35, ఖాళీ అయ్యేదాకా దాదాపు అలాగే నిలిచేది. పాదరసం వల్ల ఆ సెల్లులు మార్కెట్లోంచి పోయాయి. మీరు వేసింది ఆల్కలైన్ అయితే 1.5 వోల్టులు, పైగా వాడే కొద్దీ తగ్గుతుంది. సిల్వర్ ఆక్సైడ్ 1.55. రెండూ ముల్లును తప్పుదారి పట్టిస్తాయి. వినికిడి యంత్రాల్లో వేసే 675 జింక్-ఎయిర్ సెల్ 1.4 వోల్టులు ఇస్తుంది, నెల్లూరులో హియరింగ్ ఎయిడ్ షాపుల్లో దొరుకుతుంది. చుట్టూ చిన్న రింగు పెట్టి కూర్చోబెట్టాలి. స్టిక్కర్ తీసిన తర్వాత కొన్ని వారాలే పనిచేస్తుంది, అది దాని స్వభావం. ఎక్కువ రోజులు కావాలంటే వోల్టేజీ తగ్గించే డయోడ్ ఉన్న అడాప్టర్‌తో సిల్వర్ ఆక్సైడ్ వాడాలి.

బ్యాటరీ కుదిరాక రెఫరెన్స్. లైట్ మీటర్‌కు రెఫరెన్స్ పాత వస్తువే కానక్కర్లేదు. ఈ రోజుల్లో కొనే లక్స్ మీటర్‌కు ఎన్‌ఏబీఎల్ ల్యాబులో సర్టిఫికెట్ చేయించడం మామూలు పని, ఫ్యాక్టరీ సేఫ్టీ వాళ్ళ దగ్గరా ఉంటాయి. లెక్క ఇది. ఐఎస్‌ఓ 100 దగ్గర చదునైన డిస్క్‌తో కొలిస్తే లక్స్ = 2.5 × 2 కి ఈవీ ఘాతం (ఈవీ అంటే ఎక్స్‌పోజర్ వాల్యూ, ఒకటి పెరిగితే వెలుగు రెట్టింపు). ఈవీ 8 అంటే 640 లక్స్, ఈవీ 10 అంటే 2560 లక్స్, ఈవీ 12 అంటే 10240. ఇక్కడ 2.5 వచ్చింది 250 అనే స్థిరాంకం నుంచి. గుండ్రటి డోమ్ ఉన్న మీటర్లకు తయారీదారును బట్టి ఆ స్థిరాంకం 320 నుంచి 340 దాకా ఉంటుంది, డిస్క్ 250కీ డోమ్ అంకెకూ మధ్య అర స్టాప్‌కు కొంచెం తక్కువ దూరం ఉంది. రెండు మంచి మీటర్లు అంత తేడా చూపించినా రెండూ సరైనవే కావచ్చు.

దీపంగా పాత ఫిలమెంట్ బల్బు వాడండి, ఎల్‌ఈడీ వద్దు. మీ మీటర్‌లో ఉన్నది క్యాడ్మియం సల్ఫైడ్ సెల్, దాని రంగుల స్పందన కంటికి అచ్చంగా సరిపోదు, ఎల్‌ఈడీ స్పెక్ట్రమ్‌తో ఆ తేడా ఇంకా తికమక పెడుతుంది. పైగా ఆ సెల్ ఎక్కువ వెలుగు చూసిన తర్వాత కాసేపు ఆ ప్రభావంలోనే ఉంటుంది. చీకట్లో కొంతసేపు ఉంచి తర్వాత చదవండి.

లక్స్ మీటర్ కూడా లేకపోతే, నల్ల గుడ్డ కట్టిన గదిలో బల్బుకు ఒక మీటరు దూరంలో చదివి, తర్వాత రెండు మీటర్ల దూరంలో చదవండి. వెలుగు నాలుగో వంతు అవుతుంది, మీటర్ సరిగ్గా 2 ఈవీ తగ్గాలి. ఇది స్కేలు సరిగ్గా నడుస్తోందో చెబుతుంది. తేడా అన్నిచోట్లా ఒకేలా ఉంటే ఐఎస్‌ఓ డయల్‌ను ఆ మేరకు జరిపి వాడుకోవచ్చు. ఒక్కోచోట ఒక్కోలా ఉంటే సెల్ పోయినట్టు.

కందుకూరు కెమెరా

ఆల్కలైనే వేశాను మాస్టారూ. 675 తెప్పిస్తాను. మినోల్టా మీటర్లు కూడా ఉన్నాయి ఇంట్లో, వాటికి సర్వీస్ ఎవరు చేస్తారు?

ఒంగోలు మినీల్యాబ్

కొనికా మినోల్టా 2006లో ఫొటో వ్యాపారం వదిలేసింది. ఫ్లాష్ మీటర్, కలర్ మీటర్ డిజైన్లు కెంకో తీసుకుని తన పేరుతో అమ్మింది. మినోల్టా కలర్ మీటర్ 3ఎఫ్ అయితే కెంకో కేసీఎం-3100 దాని వారసురాలు, మాన్యువల్ చూడాలన్నా దాన్నే చూడు.

సింహపురి సిల్వర్, నెల్లూరు

అందరికీ కృతజ్ఞతలు, ఫలితాలు రాస్తున్నాను. సి లేని స్టౌఫర్ టీ2115 తెప్పించాను. కృష్ణపట్నం అన్న సైటు దగ్గర, ముందు వాళ్ళ మీటర్‌ను వాళ్ళ వెడ్జ్‌తో సరిచూసి, తర్వాత నా వెడ్జ్ చదివి ఇచ్చాడు.

7వ మెట్టు: వాళ్ళ మీటర్ 0.97, నా 810 సరిచేయక ముందు 1.00.
11వ మెట్టు: వాళ్ళది 1.57, నాది 1.62.
21వ మెట్టు: వాళ్ళది 3.08, నాది 3.18.

మాస్టారు చెప్పినట్టే తప్పు మొత్తం వాలులోనే ఉంది, మూడు శాతం పైచిలుకు. 21వ మెట్టు విలువ ఎక్కించి సరిచేశాక 11వది 1.57, 7వది 0.97 వచ్చాయి. మధ్య మెట్లకు నేనేమీ ఎక్కించలేదు, వాటంతట అవే సరిపడ్డాయి. ఫిల్మ్ బేస్ ఫాగ్ ముందు 0.29 చదివింది ఇప్పుడు 0.28. దాని పైన 0.10 పాయింట్ దగ్గర తేడా కనిపించనే లేదు. చీమకుర్తి టైల్ మీద లైటు వేసినా ఆపినా అదే అంకె.

ఒక్క సందేహం. వాళ్ళ మీటర్‌కే 0.05 దాకా వెసులుబాటు ఉన్నప్పుడు నా 3.08ని ఎంత నమ్మాలి?

ఫిజిక్స్ మాస్టారు, కావలి

3.08 దగ్గర 0.05 అంటే రెండు శాతం లోపు. అదంతా వాలులో తప్పే అనుకున్నా, మీరు వాడే 0.80 దగ్గర దాని ప్రభావం 0.013. డెవలపర్ వేడి ఒక డిగ్రీ మారితే వచ్చే తేడా ముందు అది చాలా చిన్నది. మీ పనికి ఈ గొలుసు చాలు. ఎవరికైనా సర్టిఫికెట్ రాసి ఇవ్వాల్సిన పని అయితే మాత్రం సి ఉన్న వెడ్జ్ కొనండి.

ఇంకో సంగతి. కండెన్సర్ కటకాలతో వెలుగును ఒకే దిశలో పంపే ఎన్‌లార్జర్‌లో లైట్ మీటర్ పెట్టి అదే ఫిల్మ్ చదివితే అంకెలు దీనికంటే ఎక్కువ వస్తాయి. వెండి రేణువులు వెలుగును చెదరగొడతాయి, చెదిరిన వెలుగును అది అందుకోదు. దీన్ని 1909లో క్యాలియర్ గమనించాడు. అది మెషీన్ లోపం కాదు, ఆ రెండు పట్టికల్నీ కలపకండి.

కృష్ణపట్నం వెల్డ్ ఫిల్మ్

వెడ్జ్ జాగ్రత్త అన్నా. మన సముద్రపు గాలికి జెలటిన్ మీద బూజు త్వరగా పడతది, కార్తీకం తుఫాన్ల టైములో మరీ. సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టు, అంచులు పట్టుకునే వాడు. మా కోడ్ ప్రకారం వెడ్జ్‌ను ఏడాదికోసారి జాతీయ ప్రమాణంతో పోల్చి చూడాల. నువ్వూ అదే లెక్కన ఏటా ఒకసారి తీసుకురా, మళ్ళీ చదివి ఇస్తా. పౌచ్ మీద తేదీ రాశావా?

సింహపురి సిల్వర్, నెల్లూరు

రాశానన్నా. మీ మీటర్ మోడల్, మీ వెడ్జ్ నంబరు, తేదీ, 21 మెట్ల అంకెలు ఒక కాగితం మీద రాసి డబ్బాలో పెట్టాను. ఇంకో కాపీ ఫోన్‌లో ఉంది. ఎవరికైనా పోల్చి చూసుకోవడానికి కావాలంటే వెడ్జ్ కొన్నాళ్ళు ఇవ్వడానికి నేను సిద్ధం.

ఒంగోలు మినీల్యాబ్

నాకు కావాలి తమ్ముడూ. నా 810 ఇన్నాళ్ళూ పసుపు తిరిగిన ఆ ప్లేట్ మీదే నడిచింది. ఈ ఆదివారం పినాకిని రైలుకు ఒంగోలు రాగలిగితే వెడ్జ్, కలర్‌చెకర్, నీ నల్ల ప్రింట్ ముక్కలు మూడూ తీసుకురా. ఇక్కడి ప్రెస్‌లో మాట్లాడి పెడతాను. ముందు అక్కడ చదివించి, తర్వాత నా మెషీన్ మీద చదివి, అన్ని వరుసలూ ఇక్కడే పెడదాం.

పొగతోట ఎక్స్‌రే, నెల్లూరు

విజువల్ ఛానెల్ అంకెలు ఒక వరుసలో, రంగులవి వేరే వరుసలో రాయండి. మా దగ్గర బీరువాలో ఉన్న డెన్సిటోమీటర్‌తో పోల్చుకోవడానికి నాకూ కావాలి.